నడిమిగదిలో ఒకరు

ఎండాకాలం, 31వ రోజు

ఆఫీసు వాళ్లు ఇచ్చిన దినచర్య పుస్తకంలో మూడే గడులు: భవనం, లోపం, సవరణ. రోజంతా తిరిగొచ్చాక నాలో మిగిలేవి ఆ మూడు గడుల్లో పట్టవు. అందుకని ఈ రెండో పుస్తకం. దీన్నెవరూ తనిఖీ చెయ్యరు కాబట్టి కాస్త నోరు పారేసుకోవచ్చు.

ఎగువపట్నంలో ప్రభుత్వ భవనాలు నలభై ఒకటి. సముద్రం కింది ఊళ్లను మింగాక ఒక్కో శాఖా ఒక్కో ఏడు కొండెక్కి వచ్చి, తనకి తోచిన తలుపులు తను పెట్టుకుంది. రెవెన్యూ వాళ్ల తలుపు అరచెయ్యి చూస్తుంది. నీటిపారుదల వాళ్లది నడక చూస్తుంది. కాలు బెణికిన రోజున సొంత ఇంజినీరునే బయట నిలబెట్టింది. విద్యాశాఖ తలుపు ఇప్పటికీ తండ్రి పేరు అడుగుతుంది. ఇవన్నీ ఒకే పద్ధతిలో మనిషిని గుర్తుపట్టాలి, ఒకే పద్ధతిలో మూసుకోవాలి. దీని పేరు ఏకప్రమాణం. అరవయ్యో రోజుకి పూర్తికావాలి. సమన్వయ అధికారిని నేను. అంటే నలభై ఒక్క చోట్ల తిట్లు తినే ఉద్యోగం.

ఇవాళ పదకొండూ నలభైకి కూత వేశారు. వడగాలి కూత పడితే తొంభై సెకన్లలో ఊళ్లో ప్రతి తలుపూ బిగుసుకోవాలి, మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. ఎక్కడున్నవాళ్లు అక్కడే. నేను ఉద్యానవన శాఖలో చిక్కుకుని, వాళ్ల గుమాస్తా మామిడి అంట్ల గురించి చెప్పిందంతా విన్నాను. మామిడిచెట్టు చూసి ఆయనకీ పదేళ్లయిందట.

32వ రోజు

పక్కవాటాలోకి కొత్తగా దిగినావిడ పొద్దున్నే మజ్జిగ కోసం వచ్చి తలుపు తట్టింది. నా చేతిలో గిన్నె జారిపోయింది. ఇంకెప్పుడూ తట్టవద్దని, పేరు పెట్టి పిలవమని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, ఆవిడ మజ్జిగ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆఫీసులో అందరికీ ఈ సంగతి తెలుసు. నా కింద తలుపుల యంత్రాలు చూసే షకీలా గుమ్మం దగ్గర నిలబడి దగ్గుతుంది. "మేడంకి తలుపు చప్పుడు పడదు" అని కొత్తగా చేరినవాళ్లందరికీ తనే చెప్పిపెడుతుంది. పడకపోవడం కాదు. నాకు భయం.

34వ రోజు

ఇన్నాళ్లూ ఏదో వంక పెట్టి వాయిదా వేసిన పద్నాలుగో భవనానికి వెళ్లక తప్పలేదు. మునిగిపోయిన ఊళ్ల పటాలూ పొలాల కొలతలూ దాచే చోటది. నీళ్ల కింద ఉన్న భూమి ఎవరిదో తేల్చుకోవడానికి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.

కాపలాదారు పేరు దాలినాయుడు. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఎవరూ అడక్కుండానే నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. నేను వీలైనంత తక్కువ మాట్లాడాను.

ప్రతి భవనానికీ రెండు తలుపులుంటాయి. వేడి చొరబడకుండా, బయటి తలుపు మూసుకున్నాకే లోపలిది తెరుచుకుంటుంది. మధ్యలో ఉండే ఆరడుగుల జాగాని నడిమిగది అంటాం. కూత పడ్డాక నలభై ఒక్క నడిమిగదుల్లోనూ మనుషుల సంఖ్య సున్నా చూపించాలి. పద్నాలుగులో ఒకటి చూపిస్తోంది. లోపలి తలుపు గాజులోంచి నేను స్వయంగా చూశాను. ఎవరూ లేరు.

రెండో లోపం దాలినాయుడు. తొంభయ్యో సెకనులో లోపలి తలుపు బిగుసుకోబోతుంటే, ఆయన దానికి అడ్డంగా ముక్కాలిపీట పెట్టాడు. నడిమిగదిలోకి వెళ్లి, ఆ చివరినుంచి ఈ చివరికి గోడలు తడిమాడు. "ఎవురన్నా ఉన్నారేటి?" అని మూడుసార్లు పిలిచాడు. ఆ తరవాతే పీట లాగాడు. నలభై సెకన్లు ఆలస్యం. లోపలున్న గుమాస్తాలు ఎవరూ తలెత్తి చూడలేదు. వాళ్లకిది రోజూ ఉండేదే.

"ఇది ప్రమాణంలో లేదు నాయుడుగారూ" అన్నాను.

"నేదమ్మగోరూ" అని ఒప్పుకున్నాడు. పీట గోడకి ఆనించాడు. దాని ఒక కాలు వంకరపోయి ఉంది.

37వ రోజు

షకీలా పద్నాలుగులో సెన్సరు మార్చింది. తెర మీద మళ్లీ ఒకటే. రెండోసారి మార్చింది. ఒకటే. మూడోసారి పని చేస్తున్న సెన్సరుని రెవెన్యూ భవనం నుంచి ఊడదీసి తెచ్చి పెట్టింది. రెవెన్యూలో సున్నా చూపించినది ఇక్కడికి రాగానే ఒకటి చూపించింది.

"మేడం, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు" అంది.

"నాకూ లేదు" అన్నాను.

"మరెందుకు మేడం మీరు ఆ గదిలో ఒక్క క్షణం కూడా నిలబడట్లేదు?"

పిల్ల తెలివైనది. అలాంటివాళ్లని పెట్టుకోకూడదు.

38వ రోజు

మా పై అధికారి పురుషోత్తంగారు కబురు పెట్టారు. ఆయన గదిలో ఇరవై రెండు డిగ్రీల చల్లదనం, మనిషి కూడా ఎప్పుడూ చల్లగానే మాట్లాడతాడు.

"ఒక్క పద్నాలుగు కోసం నలభై భవనాలు ఆగిపోకూడదు హైమగారూ. ఆ కాపలాదారు మీద ఒక కాగితం పెట్టండి. ఇదివరకు ఒకసారి శిక్ష పడ్డ మనిషేగా."

"చూస్తాను" అన్నాను. ఆరేళ్లుగా నేను ఏదీ చూడదలుచుకోనప్పుడు వాడే మాట అది.

43వ రోజు

పని చూసుకుని బయటపడదామనుకునేలోపే కూత పడి పద్నాలుగులో చిక్కుకున్నాను. గుమాస్తాలు పైఅంతస్తులో పడకలేసుకున్నారు. కింద నేనూ దాలినాయుడూ మిగిలాం. ఆయన చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ నాకూ పెట్టబోయాడు. ఆకలి లేదన్నాను.

ఒంటిగంట దాటాక నడిమిగదిలో ఎవరో తట్టారు. మూడుసార్లు, ఆగి రెండుసార్లు.

 దాలినాయుడు గిన్నె కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, గాజు దగ్గరికి వెళ్లి రెండు అరచేతులూ ఆనించి లోపలికి చూశాడు. వచ్చి కూర్చున్నాడు.

"బయటి తలుపు రేకమ్మా. ఎండకి సాగినప్పుడు అలగే కొడతాది."

"తెలిసీ లేచారేం?"

"రేకే అనుకోని కూకుంతే, ఒకేల రేకు కాపోతే?"

పావుగంటకి మళ్లీ తట్టింది. మళ్లీ లేచాడు. నాలుగింటి లోపల పదకొండుసార్లు లేచాడు. ఆరేళ్లలో ఎన్నిసార్లు లేచాడో నేను లెక్క వెయ్యను.

45వ రోజు

ఇవాళ ఆరేళ్ల కిందటి సంగతి ఆయనే చెప్పాడు. నేను అడగలేదు, ఆపనూ లేదు.

ఆ అమ్మాయి పేరు కోరాడ నీలవేణి. తొమ్మిదో భవనంలో దస్త్రాలు చేరవేసే ఉద్యోగం. ఇరవై ఆరేళ్లు. దాలినాయుడి ఊరే. ఆ రోజు పద్నాలుగుకి ఒక పటం తెచ్చింది. బయటి తలుపు ఆమెని గుర్తుపట్టి లోపలికి వదిలింది. అప్పటికే కూత పడి తొంభై సెకన్లు కావస్తోంది. బయటి తలుపు వెనక బిగుసుకుంది. లోపలి తలుపు పద్నాలుగో భవనం వాళ్లని మాత్రమే గుర్తుపట్టే రకం. ఆమె ఎవరో దానికి తెలియదు.

"అప్పుడు మా తలుపుకి సేత్తో తీసే ఈలు నేదమ్మా. సమన్వయ విభాగం వోల్లు ఒప్పుకుంతేనే తెరుసుకుంతాది. ఫోను సేసినాను. రాసి పంపండన్నారు. రెండు నిమసాల్లో రాసి పంపినాను. మరి జవాబు నేదు. పీట ఎట్టి గాజు కొట్టినాను. గాజు పగల్నేదు, పీట కాలు వొంగిపోనాది. అది అటేపు నించి సూస్తానే ఉంది నన్ను."

నాలుగింటికి తలుపు తెరిచారు. నడిమిగది లోపల అరవై ఒక్క డిగ్రీలు.

విచారణలో సమన్వయ విభాగానికి ఏ అర్జీ అందలేదని తేలింది. కాబట్టి అర్జీ పంపకపోవడం కాపలాదారు నిర్లక్ష్యం. నాలుగు భవనాలకి కాపలా పెద్దగా ఉన్న మనిషిని ఒక గుమ్మానికి దింపారు.

"ఉద్యోగం పోతే పోనాది. ఆల్లమ్మ ఈ ఈదిలోనే ఉంటాది. నన్ను సూత్తే ఈది అటేపుకి ఎల్లిపోతాది. కాయితంలో నా పేరే ఉంది కదా మరి. ఆవిడ తప్పేటుంది?"

46వ రోజు

రాసేస్తాను. ఆ రోజు సమన్వయ విభాగంలో ఫోను ఎత్తింది నేను.

అప్పుడు నేను సహాయ అధికారిని. నోటిమాటగా అనుమతులు ఇవ్వకూడదని అంతకు వారం ముందే ఉత్తర్వు వచ్చింది. "రాసి పంపండి" అన్నాను. అర్జీ వచ్చింది. నా తెర మీద పడింది. చదివాను. మనిషి తొమ్మిదో భవనానికి చెందినది, తలుపు పద్నాలుగుది. ఏ భవనం ప్రమాణం వర్తిస్తుందో నాకు తెలియలేదు. తప్పు చేస్తానేమోనని భయం వేసి, "ఏ శాఖ ప్రమాణం వర్తించునో తెలియజేయగలరు" అని రెండు శాఖలకీ వివరణ కోరుతూ పంపాను. పద్ధతి ప్రకారం పంపాను. ఆ రెండు శాఖల వాళ్లూ తలుపులేసుకుని నిద్రపోతున్నారు.

వివరణ కోరిన అర్జీని వివరణ వచ్చేదాకా అందినట్టు లెక్కించరు. విచారణలో "అందలేదు" అని చదివినప్పుడు అది అబద్ధం కాదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ తరవాత రెండేళ్లకి ఏకప్రమాణం ఆలోచన నేనే పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని చేశాననుకునేదాన్ని.

ఇంకొక్కటి ఉంది. దాలినాయుడు ఫోను పెట్టెయ్యలేదు. గాజుకి ఆనించి పట్టుకున్నట్టున్నాడు. నేనూ పెట్టెయ్యలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ చెవి దగ్గరే పెట్టుకున్నాను. ఆ పిల్ల తట్టడం నేను విన్నాను. చాలాసేపు విన్నాను. ఆగిపోయేదాకా విన్నాను.

51వ రోజు

షకీలా దగ్గకుండానే లోపలికి వచ్చింది. అంత సంతోషంగా ఉంది.

"దొరికింది మేడం. సెన్సరు తప్పే కాదు. నలభై ఒక్క భవనాల పాత అర్జీలన్నీ ఒకచోట చేర్చాం కదా, అందులో పద్నాలుగుది ఒకటి ఆరేళ్లుగా జవాబు లేకుండా వేలాడుతోంది. నడిమిగదిలో ఒకరు ఉన్నారు, లోపలికి వదలమని. దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా ఆ మనిషి అక్కడ ఉన్నట్టే లెక్క. సెన్సరు ఏం చూసినా సరే, ఆ ఒకరిని కలుపుకునే చెబుతుంది."

"ఎవరు అందుకున్నారో ఉందా?"

"మూసి ఉంది మేడం. మూడు జవాబుల్లో ఒకటి ఎంచాలి. అనుమతించడమైనది. తిరస్కరించడమైనది. అవసరం తీరిపోయింది. మొదటి రెండిట్లో ఏది నొక్కినా అందుకున్న అధికారి పేరూ, అర్జీ ఎటు నడిచిందో ఆ వివరాలన్నీ అందరికీ తెరుచుకుంటాయి. విచారణ కూడా మళ్లీ తెరవాలి. మూడోది నొక్కితే అర్జీయే ఉండదు. చెరిగిపోతుంది. నొక్కెయ్యనా?"

"ఉంచు" అన్నాను. "సమన్వయ అధికారి నొక్కాలి."

52వ రోజు

పురుషోత్తంగారు షకీలా రాసిచ్చిన కాగితం చదివి, నా మొహం చూసి, మళ్లీ కాగితం చదివారు. ఆరేళ్ల కిందట విచారణ సంఘంలో ఆయనా ఉన్నారు.

"మూడోది నొక్కెయ్యండి" అన్నారు. "నిజంగా అవసరం తీరిపోయిందిగా. అందులో అబద్ధమేముంది?"

"కాగితంలో దాలినాయుడి పేరు అలాగే ఉండిపోతుంది."

"వచ్చే నెల రిటైరవుతున్నాడు. మీకింకా పదహారేళ్ల సర్వీసుంది. ఒక్కసారి ఆలోచించుకోండమ్మా."

ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదలు. దయగానే అన్నారు. అందుకే ఎక్కువ భయం వేసింది.

56వ రోజు

మూడు రోజులుగా ఆ తెర తెరుస్తున్నాను, మూస్తున్నాను. ఒకసారి మూడో జవాబు మీద వేలు ఆనించేదాకా వచ్చింది. వేలు ఆనిస్తే సరిపోతుంది, ఆ గది ఖాళీ అయిపోతుంది, నలభై ఒకటీ ఒక్కటైపోతాయి, నాకు ప్రశంసాపత్రం ఇస్తారు. దాలినాయుడు పీట పెట్టడం కూడా ఏకప్రమాణం కింద ఆగిపోతుంది. ఇక ఎవరూ లేవరు, ఎవరూ పిలవరు. రేకు ఒక్కటే కొట్టుకుంటూ ఉంటుంది.

వేలు తీసేశాను. ధైర్యం వచ్చి కాదు. తీశానంతే.

59వ రోజు

పొద్దున్న ఆరింటికే పద్నాలుగుకి వెళ్లాను. దాలినాయుడు గుమ్మం ముందు ఇసుక ఊడుస్తున్నాడు. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నాయుడుగారూ, ఆ రోజు మీరు ఫోను చేసినప్పుడు..."

"తెల్సమ్మా" అన్నాడు. ఊడవడం ఆపలేదు.

"ఏం తెలుసు?"

"మీరు మొన్న వొచ్చి 'ఇది ప్రమాణంలో లేదు నాయుడుగారూ' అన్నారు సూడండి, అప్పుడే తెల్సిపోనాది. 'రాసి పంపండి నాయుడుగారూ' అన్న గొంతే. మరిసిపోతానేటి?"

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు మరి?"

"ఫోనెత్తినోరు ఉన్నారు, ఆడగొంతు, అని ఆరేల్లకితమే సెప్పినాను. గొంతుకి సాచ్చీకం ఏటన్నారు. కాయితం కావాలన్నారు. ఇంకేటి సెప్తాను?"

చీపురు గోడకి ఆనించి, మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు.

"నాను మిమ్మల్ని తిట్టుకున్నాను. అబద్ధం ఎందుకు. శానా తిట్టుకున్నాను. గానీ మీరు ఫోను ఎట్టీనేదు. అటేపు మీ ఊపిరి ఇనిపిస్తానే ఉంది. ఆ రోజు దాని కాడ ఉన్నది ఇద్దరిమే, నానూ మీరూ. ఆల్లమ్మకి ఆ మాటైనా సెప్దారనుకుంతాను, ఆవిడ నిలబడదు."

నాకు ఏడుపు వచ్చింది. ఆఫీసు వాళ్ల ముందు ఏడవకూడదనే నియమం ఒకటి నేనే పెట్టుకున్నాను, అది అక్కడే పోయింది. ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఓదార్చలేదు. క్షమించానని కూడా అనలేదు. అనాలని నేను అడగలేదు.

60వ రోజు

నలభై ఒక్క భవనాలకీ ఒకేసారి పరీక్ష. సమన్వయ అధికారి తన గదిలో కూర్చుని చూడాలి. నేను పద్నాలుగో భవనంలో, లోపలి తలుపు ముందు, ఒళ్లో తెర పెట్టుకుని కూర్చున్నాను. పక్కన షకీలా. ఎందుకు ఇక్కడ అని అడగలేదు. నా ఒళ్లోంచి తెర తీసుకుని తను పట్టుకుంది.

పదకొండూ ముప్పై ఆరుకి కూత పడింది. తొంభై సెకన్లకి అన్ని చోట్లా తలుపులు బిగుసుకున్నాయి. ఇవాళ దాలినాయుడు పీట పెట్టలేదు. పెట్టవద్దని నేనే అడిగాను. తెర మీద వరసగా సున్నాలు వచ్చాయి. నలభై సున్నాలు, పద్నాలుగు దగ్గర ఒకటి.

అర్జీ తెరిచాను. దాలినాయుడి రాత. తొందరలో అక్షరాలు గీత దాటిపోయాయి. "నడిమిగదిలో ఒకరు ఉన్నారు. ఆడమనిషి. పేరు నీలవేణి. లోపలికి వదలమని కోరుతున్నాను." చివర "త్వరగా" అని రాసి, అది నమూనాలో లేదు కాబట్టి కొట్టేశాడు.

మొదటి జవాబు నొక్కాను. అనుమతించడమైనది. అధికారి పేరు అడిగింది, రాశాను. అర్జీ అందిన తేదీ అడిగింది. ఆరేళ్ల కిందటి తేదీ వేశాను. షకీలా ఆ తేదీ చూసి, పైనున్న నా పేరు మళ్లీ చదివింది. ఆలస్యానికి కారణం అనే గడి వచ్చింది.  ఉత్తర్వు సంఖ్య వెయ్యొచ్చు. రెండు శాఖల పేర్లు వెయ్యొచ్చు. చివరికి ఇలా రాశాను: "నాకు వినిపించింది. నేను తలుపు తీయించలేదు."

లోపలి తలుపు తెరుచుకుంది.

పొయ్యి మీంచి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. పైనుంచి గుమాస్తాలు మెట్ల మీదకి వచ్చి నిలబడ్డారు. దాలినాయుడు గ్లాసుతో నీళ్లు పట్టుకుని గడప దగ్గరికి వెళ్లాడు. మామూలు గొంతుతో, ఇంట్లో పిల్లని పిలిచినట్టు పిలిచాడు.

"నీలవేణీ, రామ్మా. లోపలికి వొచ్చీ."

కాసేపు అలాగే పక్కకి తప్పుకుని నిలబడ్డాడు, మనిషి నడిచి రావడానికి జాగా వదిలి. నేను కూడా కాళ్లు దగ్గరికి తీసుకున్నాను. షకీలా కూడా.

తెర మీద పద్నాలుగో భవనం నడిమిగది సున్నా అయింది. తలుపు దానంతటదే మూసుకుంది. లోపల ఉన్నవాళ్ల సంఖ్య ఇరవై మూడు చూపించింది. షకీలా మెట్ల మీదున్నవాళ్లతో సహా అందరినీ లెక్కపెట్టింది. ఇరవై రెండుమందిమి. నా వైపు చూసి తెర మూసేసింది.

ఆ మధ్యాహ్నం రేకు మామూలుగానే కొట్టుకుంది. దాలినాయుడు లేవలేదు. గోడకి ఆనుకుని నిద్రపోయాడు. నిద్రపోతున్న ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి.

61వ రోజు

రాత్రి షకీలా కబురు పంపింది. అర్జీ అందరికీ తెరుచుకుందట. సాయంత్రం నీలవేణి అమ్మ పద్నాలుగో భవనం గుమ్మం దగ్గరికి వచ్చి, దాలినాయుడి ముక్కాలిపీట మీద కూర్చుని, చీకటిపడేదాకా ఆయనతో మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు.

విచారణ వాళ్లు ఇవాళ వస్తారు. ఈ రెండో పుస్తకం కూడా అడుగుతారు. ఇస్తాను.

పొద్దున్న మజ్జిగ చిలుకుతుంటే ఎవరో తలుపు తట్టారు. మూడుసార్లు, ఆగి రెండుసార్లు. విచారణ వాళ్లు కావచ్చు, కొత్తగా దిగినావిడ కావచ్చు, ఆ పిల్ల తల్లి కావచ్చు. ఎవరని అడగలేదు. వెంటనే లేచి వెళ్లి తలుపు తీశాను.